అయ్యగారి ఇంటి అన్నం

ముక్కిన బియ్యం వాసన ఎవరికీ నచ్చదు. మొన్నామధ్య మా ఆవిడ మేడ మీద గదిలో ఎప్పటినుంచో పడి ఉన్న బస్తా ఒకటి విప్పి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇవి కోళ్లకి కూడా పనికిరావు, బయట పారబోసి రండి" అంది. నేను బస్తా పక్కనే కూర్చుండిపోయాను. ఆవిడ విజయనగరం టౌన్లో, కంటోన్మెంటులో పెరిగిన మనిషి. పల్లెటూరి గుడి వెనక గది ఎలా ఉంటుందో ఆవిడకేం తెలుసు!

మాది టెక్కలి పక్క పల్లె. ఊరి చివర మా గుడి, అంటే చర్చి. పెంకుల కప్పు, సున్నం గోడలు. రంగు అద్దాల కిటికీలూ గట్రా ఏమీ లేవు, కర్ర ఊచలే. వెనక చిన్న గది. అందులో పెట్రోమాక్స్ లైటు, కిరసనాయిలు డబ్బా, పోయిన ఏడాది క్రిస్మస్ నక్షత్రం తాలూకు వెదురుబద్దలు, ఒక కాలు విరిగిన బల్ల, ఓ మూల మూతలున్న రెండు రేకు డ్రమ్ములు. ఆ డ్రమ్ముల్లో బియ్యం. వేపాకు వేసినా, ఎండుమిరపకాయలు వేసినా వానాకాలం తడికి అవి ముక్కేవి. వాన పడితే చిన్నపిల్లలకి ఆదివారపు బడి ఆ గదిలోనే పెట్టేవారు. అందుకని దావీదు గొల్యాతుని కొట్టిన కథా, నోవహు ఓడ కథా నాకు ఇప్పటికీ ఆ వాసనతోనే గుర్తొస్తాయి.

ఆ బియ్యం ఎక్కడివో చెప్పాలి. మా ఇంట్లో పొయ్యి పక్కన గూట్లో ఒక డాల్డా డబ్బా ఉండేది. మామ్మ రెండు పూటలా ఎసట్లోకి బియ్యం కొలుచుకున్నాక, కడగబోయే ముందు, ఆ కొలిచిన వాటిలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది. బస్తాలోంచి విడిగా తీసి వెయ్యకూడదు. మేం తినబోయే దాంట్లోంచే తియ్యాలి. అది ఆవిడ పద్ధతి. ఒక్కోసారి ఆ పని నాకు అప్పజెప్పేది. నా చెయ్యి చిన్నది, పైగా వేళ్లు సరిగా మూసేవాణ్ని కాదు. "ఓరి గుంటడా, పిడికిలి బిగించి తియ్యరా! ఏళ్ల సందులోంచి రాలిపోతన్నాయి. దేవుడికిచ్చేది అలా రాల్చుకుంటా ఇస్తారేటి?" అనేది. అంటూనే తన చేత్తో ఇంకోసారి తీసి వేసేది.

బియ్యం నిండుకున్న రోజులూ ఉండేవి. ఆ పూట చోడి అంబలే, చోడి అంటే రాగి. అంబలి కాచే ముందు చోడిపిండి పిడికెడు తీసి పక్కన పెట్టడం నా కళ్లతో చూశాను. ఆదివారం పిండి పొట్లం పట్టుకెళ్తే గుడిలో ఎవరూ నవ్వలేదు. ఆ నెలల్లో చాలా ఇళ్ల నుంచి వచ్చేది అదే.

కానుకల వేళ మగవాళ్ల వైపు పొడుగు కర్రకి కట్టిన ముఖమల్ సంచి తిరిగేది. ఆడవాళ్లు లేచి వరసగా ముందుకెళ్లి, కొంగున మూటగట్టి తెచ్చిన బియ్యం అక్కడ పెట్టిన గంపలో పోసేవారు. సంచిలో చిల్లర ఎప్పుడో ఒకసారి టంగుమనేది. గంపలో మాత్రం సర్రున ఒకటే చప్పుడు. హార్మోనియం మాస్టారు పాట అయిపోయినా, ఆడవాళ్ల వరస అయ్యేదాకా ఊరికే మెట్లు నొక్కుతూ కూర్చునేవారు.

*

అయ్యగారంటే పాస్టరు గారు. ఆయన జీతంలో పెద్ద భాగం ఆ గంపే. చేతికొచ్చే రూపాయలు ఏ నెలకానెల ఎంతో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ గంపలో లేని రకం లేదు. మిల్లు బియ్యం, దంపుడు బియ్యం, ఉప్పుడు బియ్యం, రేషన్ బియ్యం, ఎర్ర బియ్యం, నూకలు, అన్నీ ఒకదాంట్లో ఒకటి. ఆ కలగలుపు బియ్యంతో అన్నం వండటం ఎవరి తరమూ కాదు. ఒక మెతుకు చితికిపోతే పక్క మెతుకు పలుకుగానే ఉంటుంది. అయ్యగారి పిల్లలతో ఆడుకుంటూ నేను చాలాసార్లు అక్కడే తినేశాను. మా ఇంటి అన్నం కంటే ఆ అన్నమే బాగుంటుందని ఓసారి అమ్మతో అంటే, అమ్మ ఆ సాయంత్రం ఏం మాట్లాడలేదు గానీ మర్నాడు అమ్మగారికి గిన్నెడు పనసపొట్టు కూర పంపించింది.

అమ్మగారు, అంటే పాస్టరమ్మ గారు, సోమవారం పొద్దున్న అరుగు మీద కూర్చుని ఆ బియ్యం చేటలో పోసుకుని ఏరేవారు. నేను పక్కన కూర్చునేవాణ్ని. ఆవిడ చేతివేళ్లతో బియ్యం కదుపుతూ తనలో తను మాట్లాడుకున్నట్టే చెప్పేవారు: "ఇవి కొత్త బియ్యం, పై వీధి వాళ్లవి, నూర్పులు అయిపోయాయన్నమాట. ఇవి చూడు, పోయిన నెలదాకా ఈ ఇంటి నుంచి మంచి బియ్యం వచ్చేవి, ఇప్పుడు నూకలొచ్చాయి. ఆ మొగుడు మళ్లీ పనికి పోవడం మానేసినట్టున్నాడు." మధ్యాహ్నం ఆవిడ గొడుగేసుకుని ఆ ఇంటికే వెళ్లేవారు. ఎవరింట్లో ఏం కష్టమొచ్చిందో ఆవిడకి ముందే ఎలా తెలుస్తుందా అని ఊళ్లో వాళ్లు ఆశ్చర్యపోయేవారు. ప్రార్థనలో దేవుడు చెబుతాడని కొంతమంది నమ్మకం. చేట సంగతి నాకొక్కడికే తెలుసు.

ఆవిడ అలా వెళ్లేటప్పుడు సంచిలో కొంచెం మంచి బియ్యం వేసుకుని వెళ్లేవారన్నది కూడా చెప్పాలి. ఆ ఇంటినుంచి వచ్చినవి పిడికెళ్లు, ఆ ఇంటికి వెళ్లినవి సోలలు.

*

మా ప్రాంతంలో క్రైస్తవం అనగానే దొరలు, విదేశీ డబ్బు అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. దొరలు రాలేదని నేననను. నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు టీచరు, ఆ చరిత్రంతా ఆయనకి కంఠతా వచ్చు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, డిగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నంలో దిగడం, ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్లకి అనువాదంలో సాయపడటం, మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులోనూ, కొత్త నిబంధన మొత్తం 1818లో మద్రాసులోనూ తెలుగులో అచ్చవడం, ఇవన్నీ భోజనాల దగ్గర చెప్పేవారు. ఆ తర్వాత కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో మొదలుపెట్టి భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి, పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట అంటూ పైకి వచ్చారు. సాలూరు వైపు జర్మనీ నుంచి వచ్చిన లూథరన్లు. విశాఖ నుంచి కతోలికులు. ఎవరి మూల వాళ్లది.

నాకు ఊహ తెలిసేసరికి మా వైపు దొరలు దాదాపు లేరు. బంగళాలున్నాయి, మామిడిచెట్లున్నాయి, తోటలో వాళ్ల పిల్లల సమాధులున్నాయి. విదేశీ డబ్బు గురించి నాకు పెద్దగా తెలీదు. నేను చూసింది ఆ రెండు డ్రమ్ములు.

పాటలు కూడా దొరలవి కావు. మాకు బాగా దగ్గరివాడు పురుషోత్తమ చౌదరి. పర్లాకిమిడి ప్రాంతపు ఒడియా బ్రాహ్మణుడు, 1803లో పుట్టి 1890 దాకా బతికినవాడు. ఒడియా మనిషి తెలుగులో రాగాలు, తాళాలు కట్టి అన్ని కీర్తనలు రాశాడంటే మా ముసలమ్మలకి ఏమీ వింత కాదు. సరిహద్దులో రెండు భాషలూ అందరికీ నోట్లో ఆడేవే. మామ్మకి అక్షరమ్ముక్క రాదు. ఆయన కీర్తనలు మాత్రం చరణం పొల్లుపోకుండా పాడేది. "మన పర్లాకిమిడాయన" అనేది, నిన్నగాక మొన్న బుల్లి రైల్లో వచ్చి కనబడి వెళ్లినట్టు.

బుల్లి రైలంటే తెలియని వాళ్లకోసం: నౌపడ నుంచి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వెళ్లే నేరోగేజి. పర్లాకిమిడి రాజులు వేయించిన లైను, 1900లో మొదలైంది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపేసి బ్రాడ్‌గేజి వేశారు. దాని వేగం ఎంతంటే, టెక్కలి దాటాక కుర్రాళ్లు దిగి, పక్కనున్న రేగుచెట్టు దులిపి, పరుగెత్తి మళ్లీ ఎక్కేవారు. మా గుడి గంట కూడా ఆ లైనుదే. వేపచెట్టుకి ఇనప తీగతో వేలాడదీసిన రైలుపట్టా ముక్క. ఎవరు ఎలా తెచ్చారని అడిగితే పెద్దలు నవ్వి ఊరుకునేవారు.

ఆ పట్టా ముక్క మీద సుత్తితో కొడితే పొలాల దాకా వినిపించేది. ఆదివారం మొదటి గంట, రెండో గంట. మొదటి గంటకి మేం స్నానాలకి పరిగెత్తేవాళ్లం. అదే గంటకి రైతుల ఇళ్లల్లో గేదెలకి కుడితి పెట్టేవారు. మధ్యలో ఆగి ఆగి ఒక్కో దెబ్బ పడితే ఎవరో పోయారన్నమాట. అప్పుడు దారిన పోయే హిందువులు కూడా నిలబడి, "ఎవులు?" అని అడిగి గానీ కదిలేవారు కాదు.

*

మామ్మకి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. సోంపేట తీసుకెళ్లాలన్నారు. అప్పట్లో మా జిల్లాలో కళ్లంటే సోంపేటే. అక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రి కెనడా బాప్టిస్టులది. డాక్టర్ బెన్ గల్లిసన్ పేరు తెలియని ముసలివాళ్లు ఉండేవారు కాదు. ఆయన పని చూసే కెనడాలో కాల్గరీ ఊరి వ్యాపారి ఆర్ట్ జెన్కిన్స్ 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ మొదలుపెట్టారనీ, అది తర్వాత ఎన్నో దేశాలకి పాకిందనీ నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా నౌపడలో పాసింజరు ఎక్కుతామని. ఉప్పుమళ్లు, పూండి, పలాస, సుమ్మాదేవి, మందస రోడ్డు, బారువ, సోంపేట. స్టేషను పేరు సోంపేటే గానీ అది ఉన్నది కంచిలిలో. దిగి బండి కట్టించుకోవాలి.

మామ్మతో పాటు పక్క వీధి రైతుల ఇంటి ముసలమ్మ కూడా బయలుదేరింది. ఆవిడకి మా గుడంటే పెద్ద ఇష్టమేం లేదు. "కళ్ల కోసం కాబట్టి వస్తన్నాను, నాకు మీ పాటలూ గీటలూ ఒద్దు" అని ముందే చెప్పింది. ఇద్దరికీ పక్కపక్క మంచాలు పడ్డాయి. ఇప్పటిలా పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేయడం కాదు. కళ్లకి కట్లు కట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టేవారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, తల తిప్పకూడదు. మా అప్ప, అంటే మేనత్త, ఆవరణలో మూడు రాళ్లు పెట్టి వంట చేసేది. వెంట వచ్చిన వాళ్లందరి పొయ్యిలూ అక్కడే. కాళింగులూ, వెలమలూ, బెస్తలూ, సవరలూ, మేమూ, అందరి పొగా ఒకటే.

పొద్దున్నే నర్సమ్మ వచ్చి వార్డు మధ్యలో నిలబడి, "అందరూ కళ్లు మూసుకోండి, ప్రార్థన చేసుకుందాం" అంది. రైతుల ఇంటి ముసలమ్మ కట్లలోంచే, "మూసే కదమ్మా పడుకోబెట్టినారు, ఇంకెక్కడ మూసేది?" అంది. వార్డంతా ఒక్కసారి నవ్వు. నర్సమ్మకి టెన్షన్. "నవ్వకండమ్మా, కుట్లు ఊడతాయి, నవ్వకండి" అని మంచం మంచానికీ పరుగు. ఆవిడ అలా పరిగెత్తే కొద్దీ ఇంకా నవ్వు.

కట్లు విప్పి, కొన్నాళ్లకి సోడాబుడ్డి కళ్లద్దాలిచ్చారు. మామ్మ ముందు నా ముక్కు చూసి, "మీ తాత ముక్కేరా" అంది. ఇంటికొచ్చి పొయ్యి దగ్గరికి వెళ్లింది. అలవాటుగా పిడికెడు తీసి డబ్బా మూత తెరిచింది. అద్దాలు సర్దుకుని లోపలికి చూసింది. తెల్లటి పురుగులు, వడ్లగింజలు, మట్టిబెడ్డలు, ఎలుక పెంటికలు. చాలాసేపు అలాగే చూసింది. "ఓలమ్మో, ఇన్నాళ్లూ దేవుడికి ఇవా ఇచ్చినాను!" అని డబ్బా బోర్లించేసింది. ఆ రోజు నుంచీ శనివారం సాయంత్రం ఆ బియ్యం చేటలో పోసి, ఒక్కో గింజా చూసి ఏరేది. మేం తినే బియ్యం మాత్రం ఎప్పటిలాగే. "మనకేటి, పళ్లున్నాయి గదా" అనేది.

*

క్రిస్మస్ మా వైపు నూర్పుల్లో వస్తుంది. అది టౌను వాళ్లకి తెలియని సంగతి. డిసెంబరు వచ్చేసరికి సగం ఊరు కళ్లాల్లోనే పడుకుంటుంది, కుప్పలకి కాపలా. అందుకని మా పాటల గుంపు ఇళ్లకి మాత్రమే వెళ్తే లాభం లేదు. వెదురుబద్దల నక్షత్రం, దానికి రంగు కాగితాలు, లోపల దీపం. ముందు పెట్రోమాక్స్ మోసేవాడు, వెనక డోలకు, కంజీర, తాళాలు. గట్ల మీద మంచుకి కాళ్లు జారుతుండగా కళ్లం నుంచి కళ్లానికి వెళ్లేవాళ్లం. గడ్డి కప్పుకుని పడుకున్న మనిషి లేచి, మంట ఎగదోసి, "పాడండర్రా, ఎలాగూ నిద్దర్లేదు" అనేవాడు. ఆయన హిందువు అవనీ కాకపోనీ, రెండు పాటలు అడిగి పాడించుకుని, పోయేటప్పుడు ఒక పన, అంటే వరి కట్ట, చేతిలో పెట్టేవాడు. డబ్బులిచ్చేవాళ్లు తక్కువ. తెల్లారేసరికి గుడి ముందు పనలు గుట్టపడేవి. పిల్లలం వాటిని అక్కడే నూర్చేవాళ్లం. ఆ వడ్లు దంచితే వచ్చిన బియ్యపు పిండితోనే గుడి తాలూకు అరిసెలు.

అంతకు ముందు, నక్సలైట్ల ఉద్యమం రోజుల్లో, రాత్రిపూట గుంపుగా తిరగడానికి భయపడి ఓ ఏడాది పాటలు పగలే పాడారని నాన్నగారు చెప్పేవారు. మిట్టమధ్యాహ్నం నక్షత్రం పట్టుకుని తిరిగితే కుక్కలు కూడా పట్టించుకోలేదట.

సంక్రాంతి వెళ్లాక కోతల పండుగ. తొలి పంటలో దేవుడి భాగం గుడికి తెచ్చి వేలం వేయడం. గుమ్మడికాయలు, కంద దుంపలు, పెసలు, మినుములు, తేనె సీసా, ఉద్దానం చుట్టాలెవరైనా పంపితే కొబ్బరికాయలు, జీడిపప్పు. కోళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పాస్టరు గారి ప్రసంగం మధ్యలో కోడిపుంజు కూసిందా, "పేతురు ఎక్కడున్నాడురా?" అని వెనక నుంచి ఎవరో ఒకరు అనాల్సిందే. కోడి కూసేలోపు యేసుని ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురు. ఒక గుమ్మడికాయని ఒకాయన కొని మళ్లీ గుడికే ఇచ్చేయడం, దాన్ని ఇంకొకాయన కొని ఇచ్చేయడం, అలా పొద్దు వాలేదాకా అదే కాయ తిరగడం మాకు తమాషా. ఓ ఏడాది బావమరుదులిద్దరు మాట పట్టింపుకి పోయి, ఒక్క కాయని ఆ ఊళ్లో మేకపిల్ల వెల దాకా లాక్కెళ్లారు. గెలిచినాయన ఇంటికి పట్టుకెళ్తే ఆయన పెళ్లాం గుమ్మంలోనే ఆపేసిందట. ఆ గుమ్మడికాయ ముక్కలై ఊరందరి ఇళ్లకీ వచ్చింది. పులుసు బాగానే ఉంది.

*

అంతా మంచిగానే ఉండేదని రాస్తే అబద్ధమవుతుంది. గుడిలో కులం లేదని అయ్యగారు ప్రతి నెలా చెప్పేవారు, చాపల మీద అందరం కలిసే కూర్చునేవాళ్లం. పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ పేట వాళ్లు ఆ పేటలోనే వెతుక్కునేవారు. ఇప్పటికీ అంతే.

ఇంకోటి, పేర్లు. నాతో చదివిన వాళ్లలో చాలామందికి బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. హాజరు పట్టీలో అప్పారావు, ఆదివారం నాడు యోహాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీలు క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోతుంది, మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతారు. స్కాలర్‌షిప్పు, హాస్టలు సీటు, ఉద్యోగం, అన్నీ ఆ ఒక్క కాగితం మీద. అందుకని జనాభా లెక్కల వాళ్లు వచ్చినప్పుడు మా వీధిలో పెద్దవాళ్లు పిల్లల్ని లోపలికి పంపేసేవారు, నోరుజారి గుడి పేరు చెప్పేస్తారని. నాన్నగారు మాత్రం పట్టుబట్టి మా కాగితాల్లో ఉన్నదున్నట్టు రాయించారు. దానికి మా అన్నయ్య ఒక ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఎవరిది రైటో ఆ ఇంట్లో పెరిగిన నేను ఇప్పటికీ చెప్పలేను.

*

డ్రమ్ములు అడుగంటా ఖాళీ అయ్యింది తుఫాను ఏడాది.

సాయంత్రానికే గాలి తిరిగింది. ఊళ్లో పక్కా గోడలున్నవి రెండు మూడే, మా గుడి అందులో ఒకటి. చీకటి పడేసరికి తాటాకిళ్ల వాళ్లందరూ లోపలికి వచ్చేశారు. పిల్లలు, మేకలు, గిన్నెలు, తడిసిన దుప్పట్లు. మా వాళ్లూ, కాని వాళ్లూ. రాత్రంతా పెంకులు లేచిపోతున్న చప్పుడు. ఎక్కడ కప్పు లేస్తే అక్కడి జనం పక్కకి జరగడం. ఒక మూల అయ్యగారు ప్రార్థన చేస్తుంటే, ఇంకో మూల ఎవరో గట్టిగా నరసింహస్వామిని పిలుస్తున్నారు. ఎవరూ ఎవరినీ ఆపమనలేదు.

తెల్లారి చూస్తే పొలాలన్నీ ఒకటే నీళ్లు. అమ్మగారు డ్రమ్ము మూతలు తీయించారు. గుడి ముందు ఇటుకలు పేర్చి, ఊళ్లో పెళ్లిళ్లకి వాడే గుండిగ తెప్పించి గంజి కాయించారు. వాసన కొడుతున్నాయని ఎవరూ అనలేదు. సోంపేట వార్డులో అందర్నీ నవ్వించిన ఆ రైతుల ఇంటి ముసలమ్మ కూడా వచ్చింది. మన వంట తినదు. మెట్ల దగ్గర నిలబడి, "నాకు బియ్యం ఇచ్చేయండి, నాను ఒండుకుంటాను" అంది. ఎవరో కుర్రాడు ఏదో అనబోతే మామ్మ వాడి నోరు మూయించింది. తన చేత్తో కొలిచి ఇచ్చింది. ఆవిడ గుడి మెట్ల మీదే చిన్న పొయ్యి పెట్టుకుని, తన చెంబులో తనే వండుకుని, మామ్మ పక్కనే కూర్చుని తింది. నీళ్లు తీసేదాకా రోజూ అంతే. ప్రభుత్వం బియ్యం వచ్చేసరికి డ్రమ్ముల్లో ఈనెపుల్లతో ఊడ్చినా గింజ లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు నేను చుట్టాల్ని చూడ్డానికి వెళ్లాను. విశాఖపట్నం నుంచి, ఇంకా దూరం నుంచి లారీలు వరసగా వస్తున్నాయి. పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు, బ్యానర్లు, ఫోటోలు. కొన్ని చర్చిల తరఫువీ ఉన్నాయి. సాయం సాయమే, కాదనను. పొట్లం అందుకున్న వాళ్లకి ఇచ్చినవాళ్లెవరో తెలీదు, ఇచ్చినవాళ్లకి పుచ్చుకున్నవాళ్లెవరో తెలీదు. లారీ వెళ్లిపోయాక ఫలానా ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అని చూడ్డానికి గొడుగేసుకుని వచ్చే మనిషి మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

*

మా గుడిలో ఇప్పుడు బియ్యం గంప లేదు. కానుకల పెట్టె మీద ఫోన్‌పే బొమ్మ అంటించారు. పాస్టరు గారికి జీతం బ్యాంకులో పడుతుంది, చక్కటి సన్నబియ్యం కొనుక్కుంటారు, సంతోషం. హార్మోనియం బదులు కీబోర్డు, చాపల బదులు ప్లాస్టిక్ కుర్చీలు. ఊరికి ఇంకో మూడు చర్చిలొచ్చాయి, ఆదివారం నాలుగు మైకులు ఒకదాంతో ఒకటి పోటీ. ఆ పోటీ మాత్రం నాకు నచ్చదు, చెబితే పెద్దాయన చాదస్తం అంటారు. వేపచెట్టుకి పట్టా ముక్క అలాగే ఉంది, కొట్టేవాళ్లు లేరు.

పోయిన ఏడాది స్లాబు వేయడానికి పాత గది పడగొడుతుంటే, బీరువాలో ఆనాటి లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. కుర్రాళ్లు పేజీలు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపారు. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. మగవాళ్ల కానుకలు పేరు పేరునా ఉన్నాయి: ఫలానా వారు పావలా, ఫలానా వారు అర్ధ రూపాయి. ప్రతి ఆదివారం కింద చివరి వరసలో ఒక్క ముక్క: "బియ్యం, రెండు కుంచాలు ఒక అడ్డ." కుంచం పాతకాలపు కొలత, అడ్డ అందులో సగం. కొన్నిచోట్ల "చోడిపిండి" అని కూడా ఉంది. ఒక్క ఆడమనిషి పేరు ఏ పేజీలోనూ లేదు.

"అంకుల్, కుంచం అంటే ఎన్ని కిలోలు? సావనీర్‌లో వెయ్యాలి" అని కుర్రాళ్లు అడిగారు. నాకు తెలిసి కుంచం అన్నిచోట్లా ఒకటి కాదు. పలాసలో ఉన్న మా అప్పకి ఫోన్ చేశాను. ఎనభై దాటిన మనిషి, చెవి సరిగా వినబడదు, ఇలాంటివి అడిగితే మాత్రం ఇట్టే వినబడుతుంది.

"ఏ కుంచంరా? సావుకారు కుంచం వేరు, మన గుడి కుంచం వేరు. ఇంతకీ ఎంత రాసినాడు?"

చదివి వినిపించాను.

"అబద్ధం. ఆ లెక్క రాసినోడే కొలిచేవోడు. కుంచం మీద చేత్తో గీసేసి కొలిచేవోడు, మన ఆడోళ్లం తెచ్చింది తక్కువ చూపించడానికి. మామ్మ అప్పుడే గొడవాడింది, మీ నాన్నే ఊరుకోమన్నాడు. ప్రతి వారం ఇంకో అడ్డ ఉంటాది. పక్కన రాయించు."

కుర్రాళ్లకి అదే చెప్పాను. ప్రెస్సు వాళ్లు ఒప్పుకోలేదట, పుస్తకంలో ఎలా ఉంటే అలాగే వెయ్యాలన్నారట. అప్పకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. పండక్కి వెళ్లినప్పుడు సావనీర్ కాపీ అడుగుతుంది, ఆవిడతో ఎవరు వేగుతారో చూడాలి.